వెండితెర మీద కూలి మనిషి – ఒక పరిశీలన

సినిమా పుట్టిననాడు తెర మీద కనిపించినవాళ్ళు రాజులూ కాదు, రాకుమార్తెలూ కాదు. కార్మికులు. 1895లో ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరంలో లూమియేర్ సోదరులు తమ ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా కెమెరా నిలబెట్టి, లోపలినుంచి బయటికొస్తున్న ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ చిత్రించారు. నిమిషం కూడా పట్టని బొమ్మ అది. ఫ్యాక్టరీ వాళ్ళదే, కెమెరా వాళ్ళదే, జీతగాళ్ళూ వాళ్ళ జీతగాళ్ళే. ఆ గేటు వెనకాల ఆ మనుషులు ఏం పని చేశారో, ఎన్ని గంటలు చేశారో మాత్రం ఆ చిత్రంలో లేదు. సరిగ్గా నూరేళ్ళ తర్వాత, 1995లో, హరూన్ ఫరోకీ అనే జర్మన్ దర్శకుడు ఈ ఒక్క దృశ్యాన్ని పట్టుకుని ఒక చిత్రమే తీశాడు. నూరేళ్ళ సినిమాల్లోంచి ఫ్యాక్టరీ గేటు దృశ్యాలు ఏరి పక్కపక్కన పెట్టి చూపించాడు. చూస్తే అర్థమయ్యేదేమిటంటే, కెమెరా చాలావరకు ఆ గేటు దగ్గరే ఆగిపోయింది.

మన తెలుగు సినిమా సంగతి చూద్దాం. మనవాళ్ళు కార్మికుణ్ణి చూపించలేదని ఎవరైనా అంటే అది అబద్ధం. ‘మనుషులు మారాలి’ (1969)లో చూపించారు. ‘ఎర్రమల్లెలు’ (1981)లో చూపించారు. ‘కూలీ నెం.1’ (1991), ‘ఘరానా మొగుడు’ (1992) వచ్చినప్పుడు హాల్లో ఈలలు వేసినవాళ్ళు మన ఇళ్ళలోనే వున్నారు. కథానాయకుడు కూలీ కావడమన్నది మన తెరకు కొత్త కాదు. అయితే ఒక చిన్న లెక్క వేసి చూడండి. రెండున్నర గంటల సినిమాలో ఆ కూలీ కూలిపని చేస్తూ కనిపించేది ఎన్ని నిమిషాలు? మూట భుజానికెత్తగానే పాట మొదలవుతుంది. పాట కాగానే యజమాని కూతురు వస్తుంది. ఆ తర్వాత అతను మూట దించిందీ లేదు, మళ్ళీ ఎత్తిందీ లేదు. అభ్యుదయ చిత్రాలు కాస్త నయం, వాటిలో సమ్మె వుంటుంది, ఊరేగింపు వుంటుంది, లాఠీ వుంటుంది. కానీ సమ్మెను చూపించడం తేలిక, పనిని చూపించడం కష్టం. సమ్మెలో కథ వుంది, ఎదురెదురు పక్షాలున్నాయి, గెలుపో ఓటమో వుంది. పనిలో ఏముంది? నిన్న చేసిందే ఇవాళ, ఇవాళ చేసిందే రేపు. కథకు లొంగని ఈ ‘మళ్ళీ మళ్ళీ’ని తెరమీదికి ఎలా తేవడం అన్నదే ఈ వ్యాసంలో మనం పరిశీలించబోయే సమస్య.

ఈ సమస్యను గురించి మాట్లాడటానికి జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్‌ల కంటే తగిన చోటు మరొకటి లేదు. ఇప్పుడక్కడ మేడలూ స్టూడియోలూ చూస్తున్నాం గానీ, ఒకప్పుడది పెద్ద పెద్ద గ్రానైటు బండల గుట్ట. దక్కను పీఠభూమిలో రెండు వందల కోట్ల ఏళ్ళు పైబడిన రాయి. మద్రాసు నుంచి పరిశ్రమను ఇటు తేవాలన్న పట్టుదలతో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియోను 1976లో ఆరంభించేనాటికి ఆ చుట్టుపక్కల రాళ్ళూ ముళ్ళపొదలూ తప్ప పెద్దగా ఏమీ లేవు. తర్వాత సినిమావాళ్ళ ఇళ్ళ కోసం ఫిల్మ్ నగర్ వెలిసింది. బండ పగలకుండా అక్కడ పునాది పడదు. ఆ బండను సమ్మెటతో, ఉలితో పగలగొట్టినవాళ్ళూ, పార పట్టినవాళ్ళూ, నెత్తిన చుట్టబట్ట పెట్టుకుని కాంక్రీటు తట్టలు పై అంతస్తుకు మోసినవాళ్ళూ ఎక్కడివాళ్ళు? వడ్డెరలు, లంబాడీలు, కరువు తరిమితే వచ్చిన పాలమూరు జిల్లా చిన్నరైతులు. నాగార్జునసాగర్ కాలం నుంచీ ‘పాలమూరు లేబర్’ అన్నది దేశమంతా తెలిసిన మాట. ఊళ్ళో గుంపు మేస్త్రీ ముందుగా బయానా ఇస్తాడు. ఆ బయానా తీరేదాకా ఆలుమగలిద్దరూ అతను తీసికెళ్ళిన చోటల్లా పని చెయ్యాలి. మేడ పూర్తయ్యేదాకా దాని పక్కనే రేకుల గుడిసె. పూర్తయ్యాక గుడిసె పీకేస్తారు. కొందరు ఊరికి తిరిగిపోతారు, కొందరు గుట్ట దిగువన బస్తీల్లో స్థిరపడతారు. ఈనాటికీ ఫిల్మ్ నగర్ అంటే రెండు ఊళ్ళు: మెరక మీద ఒకటి, పల్లంలో ఒకటి.

2016 జూలైలో అదే ఫిల్మ్ నగర్‌లో కట్టుబడిలో వున్న ఒక పోర్టికో కూలి ఇద్దరు కూలీలు చనిపోయారు. రెండ్రోజులు పత్రికల్లో వచ్చింది. చుట్టూ అన్ని స్టూడియోలు, అన్ని కెమెరాలు, అంతమంది కథకులూ వున్న చోట జరిగిన ప్రమాదం అది.

ఇటువంటి కట్టుబడి కూలీల మీద, ఈ నగరంలోనే, 1990లో ఒక తెలుగు చిత్రం వచ్చింది. అదే బి. నర్సింగరావు గారి ‘మట్టి మనుషులు’. ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. 1991లో మాస్కో చలనచిత్రోత్సవంలో ప్రశంసాపత్రం కూడా పొందింది. ఇంత జరిగినా మన విద్యార్థుల్లో ఆ పేరు విన్నవాళ్ళు బహు తక్కువ. అందుకని ఆయన గురించి కాస్త వెనక్కి వెళ్ళి చెప్పుకోవాలి.

నర్సింగరావు గారు 1946లో మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్‌లో పుట్టారు. మొదట చిత్రకారుడు, ఆ తర్వాతే సినిమా. ఆయన సినిమాల్లోకి నిర్మాతగా వచ్చారు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మీద వచ్చిన ‘మా భూమి’ (1979) నిర్మాతల్లో ఆయనొకరు. కిషన్ చందర్ ఉర్దూ నవల దానికి ఆధారం. అప్పుడు కలకత్తా నుంచి దర్శకులు వచ్చి మన పల్లెల్ని తీసిపెడుతున్న కాలం. అంతకుముందే 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను తెలుగు చేసి ‘ఒక ఊరి కథ’ తీశాడు. మన చర్చకు ఆ చిత్రం కూడా పనికొస్తుంది. అందులో తండ్రీకొడుకులు అసలు పనే చెయ్యరు. పని చేస్తే బలిసేది దొర గదా, మనమెందుకు చెయ్యాలన్నది తండ్రి వెంకయ్య వాదం. శ్రమను చూపించకుండానే శ్రమ గురించి అంత కటువుగా మాట్లాడిన తెలుగు సినిమా మరొకటి నేను చూడలేదు.

‘రంగుల కల’ (1983)తో నర్సింగరావు గారు స్వయంగా దర్శకులయ్యారు. హైదరాబాదులో ఒక చిత్రకారుడి కథ అది. ఆ పాత్ర ఆయనే వేశారు. గద్దర్ పాటలు వున్నాయి. దానికీ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. 1987లో ‘మా ఊరు’ అనే డాక్యుమెంటరీ తీశారు. కథ ఏమీ లేకుండా తెలంగాణ పల్లె జీవనమే అందులో వస్తువు. మరుసటి ఏడు ‘దాసి’. నిజాం కాలపు గడీలో కమలాక్షి అనే దాసి జీవితం. దొరకు కావలసినప్పుడు పడక, దొరసానికి కావలసినప్పుడు చాకిరీ, కడుపైతే దాన్నీ తీయించెయ్యమని ఆజ్ఞ. ఆ చిత్రానికి ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. అర్చనకు ఉత్తమ నటిగా, ఎ.కె. బిర్‌కు ఛాయాగ్రహణానికి, తోట వైకుంఠంకు కళాదర్శకత్వానికి, సుదర్శన్‌కు దుస్తులకు, ఇవిగాక ఉత్తమ తెలుగు చిత్రం. ‘దాసి’లో సంభాషణలు చాలా తక్కువ. మన ప్రేక్షకులు ‘స్లో’ అని విసుక్కున్నది అందుకే. కానీ ఆ నిదానంలోనే దాని అర్థం వుంది. గడీలో ఒక పని అయితే ఇంకో పని, ఒక పిలుపు అయితే ఇంకో పిలుపు. దాసికి తన గంట అంటూ ఒకటి లేదు. ఆ సంగతి డైలాగు రాసి చెప్పించవచ్చు. అలా చెప్పిస్తే మనం తలూపి మర్చిపోతాం. సినిమా నిడివిలోంచి మన ఒంటికి పట్టించడమన్నది వేరే విద్య.

‘మట్టి మనుషులు’లో గడీ పోయి నగరం వచ్చింది. దాసి పోయి కూలి వచ్చింది. ఊళ్ళో బతుకు గడవక హైదరాబాదుకు చేరిన ఆలుమగల కథ. అర్చన, మొయిన్ అలీ బేగ్, నీనా గుప్తా ప్రధాన పాత్రల్లో నటించారు. బొంబాయికి వెళ్ళి వడాపావు తిని కోటీశ్వరుడయ్యే వలసకథ కాదిది. సైటు, గుడిసె, కూలి, కల్లు, మనుషుల మధ్య చెడే సంబంధాలు. పట్నం మనిషికి డబ్బు ఇచ్చేముందు అతన్ని ఎలా అరగదీస్తుందో అందులో వుంది. మేడ లేస్తూ వుంటుంది, దాన్ని లేపుతున్న సంసారం కుంగుతూ వుంటుంది. ఈ రెంటినీ ఒకే చట్రంలో పెట్టి చూడటం మామూలు కంటికి అలవాటు లేదు. మేడను చూసే కన్ను ఎప్పుడూ పూర్తయ్యాకే చూస్తుంది గదా!

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. మరోచోట మరొకరు దీన్ని ఎలా ఎదుర్కొన్నారో చూస్తే మన చిత్రం బలమూ బలహీనతా రెండూ బాగా తెలుస్తాయి. అందుకు అమెరికాలోని నల్లజాతి దర్శకుల్లో ఇద్దర్ని తీసుకుంటాను.

మొదటివాడు చార్లెస్ బర్నెట్. లాస్ ఏంజెలిస్ నగరంలో ఒకపక్క హాలీవుడ్ వుంది, అదే నగరంలో వాట్స్ అనే నల్లజాతి పేదల పేట వుంది. 1965లో అక్కడ జరిగిన తిరుగుబాటుతో ఆ పేరు లోకానికి తెలిసింది. మన గుట్టమీది ఫిల్మ్ నగర్‌కూ దిగువ బస్తీకీ వున్న సంబంధం లాంటిదే అదీనూ. వాట్స్‌లో పెరిగిన బర్నెట్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, 1970లలో శని ఆదివారాలు స్నేహితుల్ని, ఇరుగుపొరుగునూ పోగుచేసుకుని ‘కిల్లర్ ఆఫ్ షీప్’ అనే నలుపు తెలుపు చిత్రం తీశాడు. పదివేల డాలర్లలోపు ఖర్చు. అది ఆయన డిగ్రీ కోసం సమర్పించిన చిత్రమని విద్యార్థి మిత్రులు ప్రత్యేకంగా గమనించాలి. కథానాయకుడు స్టాన్ గొర్రెల కబేళాలో పనిచేస్తాడు. పనిలో చచ్చేంత అలసట, రాత్రి నిద్ర పట్టదు, భార్యతో మనసు విప్పి మాట్లాడలేడు. అంతే కథ. అందులో ఒక ఘట్టం వుంది. స్టానూ, ఒక స్నేహితుడూ డబ్బు కూడబెట్టి పాత కారు ఇంజను ఒకటి కొంటారు. ఇద్దరూ దాన్ని మెట్లమీదుగా మోసుకుంటూ, ఆగుతూ, వగరుస్తూ, కిందికి దించి ట్రక్కు వెనక అంచున పెడతారు. ఇంకాస్త లోపలికి నెట్టే ఓపిక లేదు. బండి కదలగానే ఇంజను జారి రోడ్డుమీద పడి పగులుతుంది. వాళ్ళు ఒకసారి చూసి బండెక్కి వెళ్ళిపోతారు. దర్శకుడు మెట్లు దిగే శ్రమను కత్తిరించి వుంటే అది వట్టి హాస్యం అయివుండేది. మోసినంతసేపూ మనమూ మోశాం కనక, పడినప్పుడు మన గుండె కూడా జారుతుంది. వాడిన పాటల హక్కులకు డబ్బులేక ఆ చిత్రం మామూలు హాళ్ళలో విడుదల కావడానికి 2007 దాకా పట్టింది.

రెండవవాడు కెవిన్ జెరోమ్ ఎవర్సన్. 1965లో ఒహాయో రాష్ట్రంలోని మాన్స్‌ఫీల్డ్ అనే ఫ్యాక్టరీల ఊళ్ళో పుట్టాడు. మన నర్సింగరావు గారిలాగే ఈయనా ముందు లలితకళల మనిషి: శిల్పం, ఛాయాచిత్రం. వర్జీనియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు. వందకు పైగా లఘుచిత్రాలు, కొన్ని పెద్ద చిత్రాలు తీశాడు. బర్నెట్‌కు ఇంకా కథ వుంది. ఎవర్సన్ కథను కూడా చాలావరకు వదిలేశాడు. ప్రయోగాత్మక చిత్రం అంటే ఏదో తలకిందులుగా తీసేది, అర్థం కానిది అని మనలో ఒక భయం వుంది. ఎవర్సన్ ప్రయోగం చాలా సాదాగా వుంటుంది. మనిషి పనిచేస్తూ వుంటే కెమెరా కదలకుండా చూస్తుంది. బట్టలు ఇస్త్రీ చేసేవాళ్ళు, మంచు ఊడ్చే మునిసిపాలిటీవాళ్ళు, ఫ్యాక్టరీ మూతపడ్డాక దాన్ని తలుచుకునే మోటారు కార్మికులు ఆయన వస్తువు. పదహారు మిల్లీమీటర్ల ఫిల్ములో నాలుగు వందల అడుగుల రీలు సుమారు పదకొండు నిమిషాలు నడుస్తుంది. ‘ఈరీ’ (2010)లో ఆ రీలు ఎంతసేపు నడిస్తే అంతసేపూ ఒకే షాటుగా సాగనిచ్చిన ఘట్టాలున్నాయి. షాటు ఎప్పుడు ముగియాలో చెప్పేది ఎడిటరు కత్తెర కాదు, ఆ రీలే.

2015లో ఆయన ‘పార్క్ లేన్స్’ తీశాడు. వర్జీనియాలో బౌలింగు ఆటకు కావలసిన సామగ్రి తయారుచేసే ఫ్యాక్టరీ. చిత్రం నిడివి ఎనిమిది గంటలు. పొరపాటు పడకండి, ఎనిమిది గంటలే. ఒక షిఫ్టు ఎంతసేపో సినిమా అంతసేపు. ఎనిమిది గంటల పనిదినం కోసం 1886లో చికాగోలో రక్తం కారిందని మేడే నాడు మనం ఉపన్యాసాలు వింటాం. ఆ ఎనిమిది గంటలు ఎంత పొడుగో ఉపన్యాసంలో తెలియదు. ఈ చిత్రం ముందు కూర్చున్నవాడికి రెండో గంటకే నడుం తెలుస్తుంది. వినోదం కోసం ఒకడు బంతి దొర్లించే చెక్కబల్ల వెనక ఎంతమంది చేతులున్నాయో తెలుస్తుంది. ఎనిమిది గంటలూ నిలబడి చేసేవాళ్ళుండగా, కూర్చుని చూసేవాడికి విసుగు రావడమేమిటన్న సిగ్గు కూడా కాస్త కలుగుతుంది. మరొకటి, ‘టాన్స్‌లర్ పార్క్’ (2017). 2016 నవంబరు 8న, ట్రంప్ గెలిచిన ఎన్నిక రోజున, షార్లట్స్‌విల్ ఊళ్ళో పోలింగ్ కేంద్రాల్లో పనిచేసిన నల్లజాతి ఉద్యోగుల ముఖాలే చిత్రమంతా. ఓటర్లు కెమెరాకు అడ్డంగా నడిచిపోతూనే వుంటారు. గెలిచిందెవరన్నది చిత్రానికి అక్కర్లేదు. పేరు రాసి కాగితం ఇచ్చే మనిషి ఆ రోజంతా ఎలా కూర్చుందన్నదే దానికి కావాలి.

ఇప్పుడు ‘మట్టి మనుషులు’కు తిరిగివద్దాం. అభిమానంతో పాటు కొంచెం నిష్ఠూరం కూడా చెప్పాలి. బర్నెట్, ఎవర్సన్ తమ పేటనూ తమ జాతినీ తాము చిత్రించుకున్నారు. నర్సింగరావు గారు తట్ట మోసి బతికినవారు కాదు. పైగా ప్రధాన పాత్రల్లో పేరున్న నటీమణులున్నారు. అర్చన ఎంత గొప్పగా చేసినా, ‘అర్చన ఎంత గొప్పగా చేసింది!’ అన్న మాట మన నోట్లోంచి రాకమానదు. ఆ మాట వచ్చిన క్షణంలో కూలి మనిషి కాస్త వెనక్కి జరుగుతుంది. కూలీల చేతే చేయిస్తే సరిపోయేదా? అదీ అంత సులువు కాదు. ఎవర్సన్ చిత్రాలు చూడటానికి డాక్యుమెంటరీల్లా వున్నా, వాటిలో మళ్ళీ చేయించి తీసినవి వున్నాయి, ఆయన స్వయంగా పోతపోసి చేసిన వస్తువులు సామానుల మధ్య చేరివుంటాయి. నిజమైన కార్మికుణ్ణి నిలబెట్టినంత మాత్రాన నిజం దానంతటది రాదు. అతని పనికి ఎంత కాలం ఇస్తున్నాం, కెమెరాను అతనికి ఎంత దూరంలో పెడుతున్నాం, ఆ పని చప్పుడును వింటున్నామా లేక దానిమీద వయొలిన్లు పరుస్తున్నామా, వీటన్నిటి మీదా ఆధారపడి వుంటుంది. ఈ కొలతలతో చూస్తే, కథ వున్న తెలుగు చిత్రాల్లో ‘మట్టి మనుషులు’ ‘దాసి’ పక్కనే నిలబడుతుంది. నా మట్టుకు నాకు, కథలో మగవాడి పతనం పనికి దక్కవలసిన స్థలాన్ని కొంత ఆక్రమించిందనిపిస్తుంది.

తర్వాత వచ్చినవాళ్ళలో ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) ఆ పేట మనుషులనే నటులుగా పెట్టుకుంది. ‘మల్లేశం’ (2019) మన చర్చకు మరీ దగ్గర. పోచంపల్లి చీరకు దారం ఆసు పోయాలంటే, ఒక చీరకు చెయ్యి సుమారు తొమ్మిదివేల సార్లు ఇటూ అటూ తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. సినిమా ఆ విజయాన్ని బాగానే చెప్పింది. తొమ్మిదివేల సార్లు తిరిగే చేతిని మాత్రం కథకు చాలినంతే చూపించింది. హాలు సినిమాకు అంతకంటే వీలు కూడా కాదేమో.

సినిమా తానే ఒక శ్రమ అన్న సంగతి కూడా మర్చిపోకూడదు. కృష్ణానగర్, ఇందిరానగర్ గదుల్లోంచి తెల్లవారకముందే బయల్దేరే లైట్‌మెన్, సెట్టు కార్మికులు, జూనియర్ ఆర్టిస్టులు లేకుండా ఫిల్మ్ నగర్ ఒక్క పూట నడవదు. ఇరవై నాలుగు శాఖల సినీ కార్మికులు వేతనాల కోసం 2022 జూన్‌లోనూ, మళ్ళీ 2025 ఆగస్టులోనూ పనులు ఆపి షూటింగుల్ని నిలబెట్టారు. వాళ్ళ ఇళ్ళ కోసం మణికొండ దగ్గర ఏర్పడ్డ చిత్రపురి కాలనీ నటుడు ఎం. ప్రభాకర్ రెడ్డి గారి పేరు మీద వుంది. కెమెరాకు వెనకవైపున, దానికి మూరెడు దూరంలో నిలబడ్డ ఈ మనుషుల దినచర్య మీద ‘పార్క్ లేన్స్’ వంటిది ఒకటి తీయడానికి స్టూడియో అనుమతి సంపాదించడం ఒక్కటే కష్టం. ఖర్చు పెద్దది కాదు.

చివరగా, ఇది పాఠం కనక ఒక అభ్యాసం. ఇప్పుడు ప్రతి విద్యార్థి జేబులోనూ కెమెరా వుంది, రీలు కొనే బాధ లేదు. పొద్దున ఆరింటికి దగ్గర్లోని కూలీల అడ్డాకు వెళ్ళి, వాళ్ళతో పరిచయం చేసుకుని, ఒప్పుకున్నవాళ్ళతోనే స్లాబు వేసే సైటుకు వెళ్ళండి. మేస్త్రీని కూడా అడగండి. ఫోను ఒకచోట ఆనించి పదకొండు నిమిషాలు కదపకుండా వుంచండి. కింద మిల్లరు తిరుగుతూ వుంటుంది, నిచ్చెనమీద వరసగా నిలబడ్డవాళ్ళు తట్ట చేతులు మారుస్తూ వుంటారు. ఎవరు ఎప్పుడు చెయ్యి మార్చుకుంటున్నారో, మాటలు ఎక్కడ ఆగిపోతున్నాయో, నీళ్ళ సీసా ఎవరి దగ్గర మొదలై ఎవరిదాకా రావడం లేదో రాసుకోండి. సంగీతం చేర్చకండి. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపరు, చీకటి పడ్డా లైట్లు పెట్టి కానిస్తారు. సెంట్రింగు ఊడదీసేది సాధారణంగా రెండు మూడు వారాల తర్వాత. మీరు ఆ రోజు మళ్ళీ వెళితే స్లాబు కనిపిస్తుంది. తట్టలు మోసినవాళ్ళు అప్పటికి మరో సైటులో వుంటారు, అది ఎక్కడో గుంపు మేస్త్రీని అడిగి తెలుసుకోవాలి.